పెద్దయిన బిడ్డ పనులు ఆ బిడ్డనే చేసుకోనివ్వాలంటే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి

మన నెల్లూరు, ఒంగోలు వైపు చాలా ఇళ్లలో వైకల్యం ఉన్న మనిషికి ముప్పై ఏళ్లు వచ్చినా పొద్దున బ్రష్ మీద పేస్ట్ వేసే దగ్గర్నుంచి రాత్రి దుప్పటి కప్పే దాకా అన్నీ అమ్మే చేస్తుంది. ఆ ప్రేమని ఎవరూ తప్పు పట్టలేరు. కానీ ఆ ప్రేమ వల్లే ఆ మనిషికి బస్సెక్కడం రాదు, చేతిలో వంద రూపాయలు ఉండవు, తనకి ఏ కూర ఇష్టమో కూడా అమ్మే చెప్తుంది. ఇది అలాంటి ఇళ్లలోని అమ్మానాన్నలకి, అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి, వదినలకి రాస్తున్నాను. మా తమ్ముడిది మేధో వైకల్యం (నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం నెమ్మదిగా ఉంటుంది) కాబట్టి నా ఉదాహరణలు అటువైపు ఎక్కువ ఉంటాయి, చూపు లేనివాళ్లకీ వినపడనివాళ్లకీ వీల్‌చైర్ వాడేవాళ్లకీ పనికొచ్చేవి కూడా మధ్యలో చెప్తాను. అసలు సంగతి ఒకటే: మీరు చేసిపెడుతున్న పనులు ఒక్కొక్కటిగా వాళ్ల చేతికి ఇవ్వండి, ఇచ్చాక మళ్లీ లాక్కోకండి.

ముందు వాళ్లనే అడగండి

ఏది నేర్పాలో మీరు తేల్చకండి. "నీకు నువ్వే చేసుకోవాలని ఏముంది?" అని అడగండి. మాట రానివాళ్లయితే రెండు మూడు ఫోటోలు ముందు పెట్టి వేలు పెట్టమనండి, అదీ కుదరకపోతే ఒక వారం ఊరికే గమనించండి, ఎక్కడ మీ చెయ్యి తోసేస్తున్నారో, ఎక్కడ మీ వెనకాలే వస్తున్నారో చూస్తే తెలిసిపోతుంది. మీకు స్నానం నేర్పాలని ఉంటుంది, వాళ్లకేమో వీధి చివర అంగడికి ఒంటరిగా పోవాలని ఉంటుంది. అంగడితోనే మొదలుపెట్టండి. ఇష్టమైన పని చేతిలోకి వస్తే మిగతావి అడగడం వాళ్లే మొదలుపెడతారు.

ఒకేసారి ఒకటే పని. పెద్ద జాబితా రాసుకుని గోడకి అంటిస్తే రెండో వారానికి మీకూ వాళ్లకీ టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

పనిని ముక్కలు చేసి చివర్నుంచి నేర్పండి

మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవాళ్లకి పని నేర్పేటప్పుడు బాగా పనిచేసే పద్ధతి ఇది, స్పెషల్ టీచర్లు వాడేదే. టీ పెట్టడం తీసుకోండి. గిన్నె తీయాలి, నీళ్లు పోయాలి, స్టవ్ వెలిగించాలి, పొడి వేయాలి, పాలు పోయాలి, చక్కెర వేయాలి, పొంగు చూసి ఆపాలి, వడకట్టాలి, గ్లాసుల్లో పోయాలి, తీసుకెళ్లి ఇవ్వాలి. మొదటి రోజుల్లో అన్నీ మీరే చేసి చివరిది మాత్రం వాళ్లకి వదిలేయండి, గ్లాసు తీసుకెళ్లి నాన్నకి ఇవ్వడం. అది అలవాటయ్యాక గ్లాసుల్లో పోయడం, ఆ తర్వాత వడకట్టడం, అలా వెనక్కి రండి. మొదట్నుంచి నేర్పితే స్టవ్ దగ్గరే ఆగిపోయి "నాకు రాదు" అనేస్తారు, చివర్నుంచి నేర్పితే ప్రతిసారీ పని పూర్తి చేసింది వాళ్లే అవుతారు, నాన్న "బాగుందిరా టీ" అనేది వాళ్లతోనే. స్టవ్ అంటే భయముంటే ఇండక్షన్ స్టవ్ పెట్టుకోండి, మంట ఉండదు, ఒక బటన్ నొక్కితే ఆగిపోతుంది.

సాయం చేసే తీరు కూడా తగ్గుతూ పోవాలి. మొదట చెయ్యి పట్టి చేయించండి, తర్వాత వేలితో చూపించండి, ఆ తర్వాత ఒక్క మాట, చివరికి ఏమీ అనకుండా పక్కన నిలబడండి. అన్నిటికన్నా కష్టం ఈ చివరిదే. వాళ్లు ఆగిపోగానే మన చెయ్యి ముందుకి పోతుంది. మనసులో పది లెక్కపెట్టండి, చాలాసార్లు ఏడో ఎనిమిదో అంకెకి వాళ్లే కదులుతారు. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి, మీరు నేర్పుతుంటే నాయనమ్మ వచ్చి "పాపం బిడ్డని ఎందుకు అట్లా సతాయిస్తారు" అని చేసిపెట్టిందంటే వారం కష్టం పోయినట్టే. నాయనమ్మని కూచోబెట్టి ఎందుకు చేస్తున్నారో ముందే చెప్పండి.

ఇల్లు

వీల్‌చైర్ వాడే మనిషికి గడప దాటడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వస్తే మిగతా సలహాలేవీ పనిచేయవు. ర్యాంపు కట్టే మేస్త్రీకి లెక్క ఇలా చెప్పండి: ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. మన ఇళ్లకి అరుగులు ఎత్తు, అడుగున్నర ఎత్తుంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి, వాకిట్లో అంత చోటు లేకపోతే మధ్యలో తిప్పి కట్టాలి. "నాలుగడుగుల్లో సర్దేస్తానమ్మా" అంటే ఒప్పుకోకండి, అంత ఏటవాలు మీద ఎవరూ సొంతంగా ఎక్కలేరు, దిగేటప్పుడు బోర్లా పడతారు. తలుపు దాదాపు మూడడుగుల వెడల్పు, చైర్ తిప్పుకోవడానికి అయిదడుగుల ఖాళీ ఉండాలి. బాత్‌రూమ్ తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి, లోపల మనిషి పడిపోతే లోపలికి తెరిచే తలుపు కదలదు. గోడకి పట్టుకునే కడ్డీ గట్టి బోల్టులతో, నేలకి గరుకు టైల్స్, కమోడ్ దాదాపు పద్దెనిమిది అంగుళాల ఎత్తు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో వెన్ను, కీళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఉన్న ఇళ్లలో కూడా ఈ కడ్డీ, ఈ కమోడ్ వేయిస్తే వేరే మనిషి లేకుండా లేచి కూచోగలుగుతారు.

డబ్బు

ఆంధ్రాలో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పెన్షన్ నెలకి 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకి 15,000. ఒకటో తేదీ పొద్దున్నే సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇస్తారు. వేలిముద్ర వేసేది ఆ మనిషి, డబ్బు పోయేది అమ్మ బీరువాలోకి. ఇంటి ఖర్చులకి వాడుకోవద్దని నేను అనను, చాలా ఇళ్లు దాని మీదే నడుస్తున్నాయి. కానీ ఆ డబ్బు ఎవరిదో వాళ్లకి తెలియాలి. ఒకటో తేదీ నోట్లు వాళ్ల చేతికే ఇప్పించండి, వాళ్ల ముందే లెక్కపెట్టి "ఇంత ఇంటికి, ఇంత మందులకి, ఇంత నీకు" అని మూడు కవర్లలో పెట్టండి. వాళ్ల కవర్ అయిదు వందలైనా సరే, అందులోది ఎలా ఖర్చుపెట్టారని అడగొద్దు. ఒక నెలంతా కూల్‌డ్రింకులే తాగేశారనుకోండి, ఇరవయ్యో తేదీకి కవర్ ఖాళీ అవుతుంది, అప్పుడు మీరు మళ్లీ నింపకండి. డబ్బు అయిపోతుందని ఖాళీ కవర్ చూస్తేనే అర్థమవుతుంది, మనం వంద సార్లు చెప్పినా కాదు.

లెక్క రానివాళ్లకి నోట్ల రంగు గుర్తుపట్టడం చాలు: ఊదా రంగు వంద, పసుపు రెండొందలు. అంగడికి పంపేటప్పుడు వస్తువు ధరకి కాస్త పైన ఉండే ఒక్క నోటు ఇచ్చి "చిల్లర తీసుకురా" అనండి, అంగడి ఆయనతో ముందే ఒక మాట చెప్పుకోండి. చూపు లేనివాళ్లకి రిజర్వ్ బ్యాంక్ వాళ్ల మణి యాప్ ఉంది, ఫోన్ కెమెరా ముందు నోటు పెడితే ఎంతదో చెప్తుంది.

బ్యాంకు ఖాతా వాళ్ల పేరు మీదే ఉండాలి. ఒక బ్యాంకులో మా తమ్ముడు ఎదురుగా కూచుని ఉండగానే, వాడితో ఒక్క మాట మాట్లాడకుండా, "ఆయన సంతకం వద్దు, మీ అమ్మగారిని రమ్మనండి" అన్నారు. అలాంటప్పుడు గొడవ పడక్కర్లేదు, అలాగని లేచి వచ్చేయనూ అక్కర్లేదు, మేనేజర్ని కలవండి. చూపు లేదని చెక్‌బుక్, ఏటీఎం కార్డు, లాకర్ ఇవ్వకుండా ఉండకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధనల్లోనే ఉంది. బ్యాంకుకి రాలేని దివ్యాంగులకి ఇంటి దగ్గరే సేవలు అందించాలని కూడా 2017లో బ్యాంకులకి చెప్పింది, అది రాతపూర్వకంగా అడగండి.

బస్సు

స్వతంత్రం అనేది మా ఇంట్లో నిజంగా మొదలైంది బస్సుతోనే, అందుకే ఇది కాస్త వివరంగా చెప్తాను. దగ్గరి దారి ఒక్కటి ఎంచుకోండి, మార్చకండి. కోవూరు నుంచి నెల్లూరు అనుకుందాం. మొదట్లో పక్కనే కూచుని దారిలో గుర్తులు చూపించండి, పెన్నా బ్రిడ్జి వచ్చింది, బ్రిడ్జి దాటాక దిగడానికి రెడీ కావాలి, అని. ప్రతిసారీ అవే గుర్తులు, అవే మాటలు. తర్వాత మీరు రెండు సీట్లు వెనక కూచోండి, కండక్టర్‌తో వాళ్లే మాట్లాడాలి, టికెట్ వాళ్లే తీసుకోవాలి. ఆ తర్వాత వాళ్లు బస్సులో, మీరు బండి మీద వెనకాల. ఆ తర్వాత వాళ్లని బస్సెక్కించి మీరు ముందే పోయి అవతలి స్టాప్‌లో నిలబడండి. చివరికి వాళ్లు దిగి ఫోన్ చేస్తే చాలు. ఒక్కో దశకి ఎన్ని రోజులైనా పట్టనీయండి, ఒక రోజు ముందుకి పోయి మూడు రోజులు వెనక్కి వచ్చినా ఫర్వాలేదు.

తప్పిపోతే ఏం చేయాలో ఇంట్లో ఆడి చూపించాలి, ఒట్టి మాటలతో చెప్తే గుర్తుండదు. మీరు కండక్టర్‌లా నటించండి, వాళ్లు "అన్నా, కోవూరు పోవాలి, ఏ బస్సు?" అని అడగాలి. మాట స్పష్టంగా రాకపోతే జేబులో ఒక కార్డు: పేరు, ఎక్కడికి పోవాలి, రెండు ఫోన్ నంబర్లు. ఇంటి అడ్రస్ రాయకండి, ఆ కార్డు ఎవరి చేతిలో పడుతుందో తెలీదు. ఆపదొస్తే 112 నొక్కడం కూడా నేర్పండి. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కాబట్టి ఆడపిల్లకి నేర్పేటప్పుడు ఆధార్ కార్డు బ్యాగులో పెట్టుకోవడం కూడా పాఠంలో భాగమే, టికెట్ మాత్రం అడిగి తీసుకోవాలి. ఆర్టీసీలో దివ్యాంగులకి ఏ రాయితీ ఉందో మగవాళ్లు బస్టాండ్‌లో కనుక్కోవాలి. రైల్లో కూడా అర్హత ఉన్నవాళ్లకి, తోడు వచ్చే మనిషికి రాయితీ ఉంది.

ఫోన్ గురించి రెండు మాటలు

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే తెర మీద ఉన్నదంతా తెలుగులోనే చదివి వినిపిస్తుంది, డబ్బు పెట్టి కొనక్కర్లేదు. వినపడనివాళ్లకి లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ ఎదుటివాళ్ల మాటని తెలుగులో రాసి చూపిస్తుంది, గోలగా ఉన్న చోట తడబడుతుంది గానీ డాక్టర్ గదిలో బాగా పనికొస్తుంది. చదవడం రానివాళ్లకి ఫోన్ మొదటి పేజీలో నలుగురి ఫోటోలు పెట్టండి, ఫోటో నొక్కితే కాల్ పోవాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదనేది మాత్రం వందసార్లైనా చెప్పండి.

కాగితాలు

వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్ లేకపోతే పెన్షన్ లేదు, రిజర్వేషన్ లేదు. స్లాట్ సచివాలయంలో గానీ మీసేవలో గానీ బుక్ చేసుకుంటే ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్లు పరీక్ష చేస్తారు. దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ కూడా తీసుకోండి. చాలా పథకాలకి వైకల్యం 40 శాతం, ఆపైన ఉండాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో వైకల్యాలు ఏడు నుంచి 21కి పెరిగాయి, తలసేమియా, పార్కిన్సన్, యాసిడ్ దాడి బాధితులు కూడా అందులో ఉన్నారు, కాబట్టి పాత రోజుల్లో "మీకు రాదు" అని పంపించేసి ఉంటే మళ్లీ అడగండి. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సీఆర్‌సీ, అంటే దివ్యాంగుల పునరావాస కేంద్రం ఉంది, సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ కింద పనిచేస్తుంది. థెరపీ, శిక్షణ, ఉపకరణాల గురించి అక్కడ అడగొచ్చు. వీల్‌చైర్ ఇస్తున్నారని ఏదో ఒకటి తెచ్చుకోకండి, కూచున్నప్పుడు తుంటికి రెండు పక్కలా అంగుళం ఖాళీ ఉండే సైజు అడగండి, వదులు కుర్చీలో ఒరిగి కూచుంటే వెన్ను వంగిపోతుంది, పుళ్లు పడతాయి.

ఆసుపత్రిలోనైనా ఆఫీసులోనైనా మీరు రెండో కుర్చీలో కూచోండి. అధికారి మీ వైపు చూసి "ఇతనికి ఏంటి సమస్య" అంటే "ఆయన్నే అడగండి సార్" అనండి, వాళ్లు చెప్పలేకపోయిన మాట మాత్రమే మీరు అందుకోండి. పని జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, అర్జీ వాళ్ల చేతే ఇప్పించండి, రసీదు దాచుకోండి.

సంతకం ఎవరిది

పద్దెనిమిది నిండాక చట్టం దృష్టిలో వాళ్లు పెద్దవాళ్లు. అమ్మానాన్నలు వాళ్లంతట వాళ్లే గార్డియన్లు, అంటే ఆ బిడ్డ తరపున నిర్ణయం తీసుకుని సంతకం పెట్టే హక్కున్నవాళ్లు, అయిపోరు. 2016 చట్టం 13వ సెక్షన్ దివ్యాంగులకి అందరితో సమానంగా ఆస్తి ఉండొచ్చని, బ్యాంకు అప్పు తీసుకోవచ్చని చెప్తుంది, 14వ సెక్షన్ గార్డియన్ అవసరమైన చోట కూడా గార్డియన్, ఆ మనిషి ఇద్దరూ కలిసి నిర్ణయించాలని, అది ఆ పని వరకే, ఆ కాలం వరకే అని చెప్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ ఆధ్వర్యంలో ఒక కమిటీ ఉంటుంది, గార్డియన్‌షిప్‌కి అక్కడ దరఖాస్తు చేయాలి. ఆ కమిటీలో ఒక దివ్యాంగుడు కూడా ఉండాలని చట్టమే చెప్పింది. గార్డియన్ అయినవాళ్లు ఆరు నెలల్లో ఆస్తి వివరాలు, ఏటా లెక్కలు ఇవ్వాలి.

ఎవరో చెప్పారని తొందరపడి గార్డియన్‌షిప్‌కి పోకండి. ఆస్తి అమ్మకం, కోర్టు పని లాంటి నిజమైన అవసరం ఉంటేనే పోండి. మామూలు విషయాలకి వాళ్లకి నమ్మకమైన ముగ్గురు నలుగురిని వాళ్లే ఎంచుకుని, ఏదైనా పెద్ద నిర్ణయం ముందు వాళ్లతో మాట్లాడుకుంటే చాలు, చివరి మాట మాత్రం వాళ్లదే ఉండాలి. ఆ నలుగురిలో మీరు లేకపోయినా నొచ్చుకోకండి.

పని, సంపాదన

ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది, చదువుకున్నవాళ్లు వదులుకోవద్దు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా ప్రమాదంలో వైకల్యం వస్తే తీసేయకూడదు, అదే జీతంతో వేరే పనికి మార్చాలి, ఇదీ 2016 చట్టంలోదే, చాలామంది తెలియక రాజీనామా రాసిచ్చేస్తున్నారు. చదువు లేనివాళ్లకి మన ఊళ్లలోనే చూడాలి. రొయ్యల ఫీడ్ అమ్మే దుకాణంలో బస్తాల లెక్క, జిరాక్స్ షాపు, బట్టల షాపులో మడతలు, నర్సరీలో మొక్కలకి నీళ్లు, ఇలా. ఎంతసేపు విసుగు లేకుండా చేయగలరో ముందు ఇంట్లో చూసుకుని, యజమానిని రోజుకి రెండు గంటలు, ఒక నెల అని అడగండి. చేయాల్సిన పనులు వరసగా ఫోటోలు తీసి గోడకి అంటిస్తే ఎవరూ అస్తమానం చెప్పక్కర్లేదు. జీతం ఎంతో మొదటి రోజే మాట్లాడుకోండి. "ఊరికే పొద్దుపోతుందిలే, రానీయండి" అనే చోట పెట్టకండి, పనికి కూలి ఉండాల్సిందే.

పెళ్లిళ్లు, తిరునాళ్లు, ఓటు

ఊరంతా పెళ్లికి పోతుంటే ఒకరిని తోడు పెట్టి ఇంట్లోనే వదిలేసి పోవడం మానేయండి. పిల్చినవాళ్లకి ముందే ఫోన్ చేసి మెట్లున్నాయా, పక్క దారి ఉందా అడగండి. జనం, మైకు గోల తట్టుకోలేనివాళ్లయితే నెల్లూరు రొట్టెల పండక్కి సాయంత్రం కాకుండా తెల్లవారుజామునే స్వర్ణాల చెరువు దగ్గరికి తీసుకెళ్లండి. పెళ్లిలో ఒక పని ఇప్పించండి, పన్నీరు చల్లడమో, తాంబూలం సంచులు ఇవ్వడమో, మూలన కుర్చీలో కూచున్న మనిషిని ఎవరూ పలకరించరు గానీ చేతికి సంచి ఇచ్చిన మనిషిని అందరూ పలకరిస్తారు. ఎవరైనా వైకల్యంతో కలిపి పేరు పెట్టి పిలిస్తే అక్కడికక్కడే అసలు పేరు చెప్పండి, మెల్లగానే, కానీ ప్రతిసారీ.

ఓటు సంగతి మర్చిపోకండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లు 12డి ఫారం ఇస్తే ఇంటి దగ్గరే ఓటు వేయొచ్చు, 2024 ఎన్నికల్లో కూడా ఆ వీలు ఇచ్చారు. పోగలిగితే మాత్రం బూత్‌కే తీసుకెళ్లండి. ఓటింగ్ మిషన్ మీద బ్రెయిలీ అంకెలు ఉంటాయి, తోడు కావాలంటే ఎవరిని తీసుకెళ్లాలో చెప్పాల్సింది వాళ్లే.

భయం ఉంటుంది, ఉన్నా సరే

బయటికి పంపితే ఎవరైనా ఏదైనా చేస్తారనే భయం నిజమైనదే, ఆడపిల్ల విషయంలో మరీ. అలాగని దాచిపెడితే రక్షణ వస్తుందనుకోవద్దు, "వద్దు" అనడం తెలియని మనిషికి సొంత ఇంట్లో కూడా రక్షణ లేదు. అందుకే చిన్న విషయాల్లో వాళ్ల "వద్దు"ని ముందు మీరు గౌరవించండి, ముద్దు వద్దంటే పెట్టకండి, ఆ చొక్కా వద్దంటే ఇంకోటి ఇవ్వండి. శరీర భాగాల పేర్లు, ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు కూడదు, స్పష్టంగా చెప్పండి, పెద్దవాళ్లకి చెప్పినట్టే. ఎవరైనా దివ్యాంగుల్ని కావాలని నలుగురిలో అవమానించినా, చేయిచేసుకున్నా, లైంగికంగా వాడుకున్నా 2016 చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు ఉంది. పోలీసుల దగ్గర పరువు పోతుందని ఆగకండి.

"మేం పోయాక ఎవరు చూస్తారు" అనే ప్రశ్న ప్రతి అమ్మకీ ఉంటుంది. దానికి ఇప్పుడే చేయగలిగినవి ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి, ఏడాదికి లక్ష రూపాయల దాకా. మీరు ప్రభుత్వ ఉద్యోగులైతే, సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకి మీ తర్వాత కుటుంబ పెన్షన్ వస్తుంది, బతికి ఉండగానే ఆఫీసు రికార్డుల్లో పేరు ఎక్కించండి. ఒక నోట్‌బుక్‌లో మందులు, డాక్టర్, బ్యాంకు, ఇష్టాయిష్టాలు, కోపం వస్తే ఎలా తగ్గుతుంది, అన్నీ రాయండి, రాసేటప్పుడు వాళ్లని పక్కనే కూచోబెట్టుకుని అడిగి రాయండి. అన్నదమ్ములతో ఈ మాటలు మాట్లాడేటప్పుడు కూడా వాళ్లు ఆ గదిలోనే ఉండాలి.

మీరు ఆరోగ్యంగా ఉన్నప్పుడే వాళ్లని ఒంగోలులో పిన్ని ఇంటికో, మామయ్య ఇంటికో రెండు రాత్రులు పంపండి. ఆ నోట్‌బుక్ చేతికిచ్చి పంపండి, గంటగంటకీ ఫోన్ చేయకండి. తిరిగొచ్చాక పిన్నిని, వాళ్లని విడివిడిగా అడగండి ఎక్కడ ఇబ్బందైందో, ఆ ఇబ్బందులే తర్వాత నేర్పాల్సిన పనులు.